నాయన గొంతుకు అంకెలే పేర్లు

ఆయుధపూజ నాడు మా మామ నా ల్యాప్‌టాప్‌కు అచ్చంగా లారీకి చేసినట్టే పూజ చేశాడు. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు.

మామంటే మా అమ్మ తమ్ముడు. కర్నూలు నుంచి హుబ్లీ దాకా లారీ తోలేవాడు. డ్రైవర్ల పూజకు ఒక పద్ధతుంది. ఇంజను నడుస్తూ ఉండగానే హారతి పట్టాలి, పసుపునీళ్ళు చల్లాలి, చక్రాల కింద నిమ్మకాయలు నలగాలి. ఆ రోజు నేను మందుల షాపుకు పోయి వచ్చేలోపల, దేవుడి పటాల ముందు కత్తిపీట, సుత్తి, మామ లారీ పానాల పక్కన నా ల్యాప్‌టాప్ కూడా చేరింది. మామ దాన్ని ఆన్ చేసి, తెర వెలిగాక బొట్టు పెట్టి, నాలుగు మూలల కింద నాలుగు నిమ్మకాయలు దోపి అరచేత్తో అదిమాడు. మామిడాకు ముంచి మీటల మీద పసుపునీళ్ళు చల్లాడు. తెర వణికింది. దాంతో భయపడి, లారీ బ్యాటరీ వైరు పీకినట్టు, కిందున్న బ్యాటరీ పీకేశాడు.

"నడిచే బండికే గదా పాపా పూజ చేసేది? ఆగిపోయిన బండికి చేస్తే ఏం లాభం?" అన్నాడు నేను వచ్చి నెత్తి కొట్టుకుంటుంటే.

"అది బండి కాదు మామా! దాంట్లో నాయన గొంతు ఉండాది!"

ఆ మాటకు మామ ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. పాపం, ఆయనకు తెలియదు. ఆ సంగతి ఇంట్లో ముగ్గురికే తెలుసు. నాకు, అమ్మకు, వసారాలో నవారు మంచం మీద ముక్కులో గొట్టంతో పడుకుని ఇదంతా చూస్తున్న మా నాయనకు.

మా నాయన మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల వేలం పాడేవాడు. రైతులు కుప్పలు పోసుకుని నిలబడితే, ఒక్కో కుప్ప దగ్గరికీ నడుస్తూ, వెనకే వచ్చే వ్యాపారుల చేత ధర పెంచించడం ఆయన పని. మైకు లేదు, ఏమీ లేదు. యార్డు ఈ గేటు దగ్గర పాడితే ఆ గేటు దగ్గరున్న బండెద్దులు చెవులు ఆడించేవి. కోడుమూరు రైతులైతే ఆయన పాడే కుప్పల వరసలోనే చోటు కావాలని పోట్లాడుకునేవాళ్ళు. అంత గొంతు ఇంట్లోనూ అదే ఎత్తులో ఉండేది. అన్నం పెట్టమన్నా అరుపే, నీళ్ళిమ్మన్నా అరుపే. కంచం ముందు కూర్చున్నాక ఇక ఉప్పు గొడవ. నా బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆయన ఏ పూటా ఉప్పు సరిపోయిందని అనలేదు. "వీధంతా వినబడాల్నా నా వంట సంగతి?" అని అమ్మ సణిగేది. ఈ గొంతుతో తనకు చెవుడొస్తుందని వచ్చినవాళ్ళకల్లా చెప్పుకునేది. నాకూ చిరాకే. స్నేహితురాళ్ళు వస్తే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

బీడీలు ఆ గొంతును తినేశాయి. మొదట బొంగురు పోయింది. యార్డులో దుమ్ము అనుకున్నాం, మిరియాలు, తేనె నాకించాం. హైదరాబాదులో డాక్టరు గొట్టం వేసి చూసి, గొంతుపెట్టె తీసేయాల్సిందే అన్నాడు. తీసేశాక మెడ ముందు రంధ్రంలోంచి ఊపిరి తీసుకుంటాడు, మాట మాత్రం రాదు. గొంతుకు ఆనించి మాట్లాడే మిషన్ ఒకటి ఉందని చూపించారు. అందులోంచి వచ్చే గరగర విని నాయన దాన్ని డాక్టరు బల్ల మీదే పెట్టేసి లేచాడు.

మాట పోతే రాసి చూపించొచ్చు కదా అంటారు. నాయన చదువు అంకెల దగ్గరే ఆగిపోయింది. అంకెలు రాయగలడు, చదవగలడు, నోటితో లెక్క కట్టగలడు. అక్షరాల దగ్గరికి మాత్రం రాలేదు. అందుకే నాకు ఆ ఆలోచన వచ్చింది. నేనప్పుడు కర్నూల్లో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేదాన్ని. నాకు నేర్పిన సారు కడపకు మారిపోతూ తన పాత ల్యాప్‌టాప్ నాకు అమ్మాడు. ఆపరేషన్‌కు పోయే ముందు దానికి మైకు తగిలించి, "నీకు ఏమేం చెప్పాల్సొస్తాదో అవన్నీ దీంట్లో చెప్పి పెట్టుకో నాయనా. తర్వాత నొక్కితే అదే పలుకుతాది" అన్నాను.

చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత నన్ను, అమ్మను బయటికి పొమ్మని తలుపు వేసుకున్నాడు. ఒక్కో మాట అయ్యాక తలుపు తీసి "కానీ" అనేవాడు. నేను లోపలికి పోయి, వినకుండా, దాన్ని భద్రం చేసి, తర్వాతి మాటకు రికార్డింగ్ పెట్టి వచ్చేదాన్ని. వినకూడదని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. పేరేం పెట్టాలంటే ఆయన చదవగలిగింది అంకెలే కాబట్టి ఒకటి, రెండు, మూడు అని వరసగా అంకెలే పెట్టాను. ఏ అంకెలో ఏముందో ఆయనకే తెలుసు. వేలంలో కుప్పల ధరలన్నీ తలలో పెట్టుకునే మనిషికి అదొక లెక్కా?

ఆపరేషన్ అయింది. ఇంటికొచ్చాక ల్యాప్‌టాప్ తెచ్చి ముందు పెడితే ఠపీమని మూత వేశాడు. మళ్ళీ తెచ్చాను, మళ్ళీ వేశాడు. ఒకరోజు మెడకు తువ్వాలు చుట్టుకుని యార్డుకు పోయాడు. ఆయన వరసలో ఇంకెవరో పాడుతున్నారు. తిరిగొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అప్పటి నుంచి ఏం కావాలన్నా చప్పట్లే. చప్పట్లు కొడితే అమ్మ పరిగెత్తాలి. "కుక్కను పిలిచినట్ల పిలుస్తాండాడు చూడు" అని అమ్మ నా దగ్గర ఏడ్చేది. ఇన్నేళ్ళూ ఏ అరుపును తిట్టుకుందో ఆ అరుపు కోసమే ఏడ్చేది.

వానాకాలం చివర్లో జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. ఈసారి అన్నం దిగే దారి మూసుకుపోయింది. ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేశారు. పల్చటి రాగిజావ, పాలు, అంతే. వాసన తగిలితే ఆయన కళ్ళు వంటింటివైపు తిరిగేవి. అది చూడలేక అమ్మా నేనూ వంటింటి తలుపేసుకుని, గిన్నె చప్పుడు కాకుండా, దొంగల్లా రెండు ముద్దలు మింగి వచ్చేవాళ్ళం. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇక ఇంటి దగ్గరే చూసుకోండి అన్నాడు. అంటే ఏమిటో నాకు తెలుసు. ఇదిగో, ఆ రోజుల్లోనే దసరా వచ్చింది.

ల్యాప్‌టాప్ పోయిందని నాయన పట్టించుకోడనుకున్నాను. ఎప్పుడు తెచ్చినా మూత వేసిన మనిషి కదా! పూజ అయిన మరుసటి పొద్దున చప్పట్లు వినిపించి పోతే, దానివైపు చూపించాడు. చెయ్యెత్తి ఒక వేలు, రెండు వేళ్ళు, మూడు వేళ్ళు చూపించాడు. ఆ తర్వాత అరచెయ్యి తిప్పి 'ఏదీ?' అన్నట్టు నన్ను చూశాడు. ఇన్నాళ్ళూ అది ఉందన్న ధైర్యంతోనే వద్దన్నాడు.

నీళ్ళు దిగి బ్యాటరీ పనికిరాకుండా పోయింది. కరెంటు వైరు పెట్టి ఆన్ చేస్తే కంపెనీ బొమ్మ వస్తుంది, విండోస్ సగం వచ్చి ఆగిపోతుంది, మళ్ళీ మొదటికి వస్తుంది. బజార్లో ఒక రిపేరు షాపుకు తీసుకుపోయాను. అప్పట్లో ఆ షాపుల్లో ఏ రోగానికైనా ఒకటే మందు.

"ఫార్మాట్ కొడితే కొత్తదైపోతాది మేడం. సాయంత్రం రాండి" అన్నాడు షాపాయన.

"ఫార్మాట్ కొడితే లోపలుండేది పోతాది. అది నాకు కావాల."

"ఏముండాయి, పాటలా? ఎన్ని పాటలు కావాలంటే అన్ని నేను ఎక్కిస్తా గదా!"

"మా నాయన పాట ఉండాది. ఎక్కిస్తావా?" అన్నాను. షాపులో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. నా గొంతు నాకే తెలియకుండా అంత లేచింది. ల్యాప్‌టాప్ లాక్కుని బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆయనకేం తెలుసు? ఆయన పద్ధతి ఆయనది. అయినా ఒళ్ళు మండిపోయింది.

కడపలో సారుకు ఫోన్ చేస్తే, "ఏం ముట్టుకోవద్దు, నా దగ్గరికి పట్టుకురా" అన్నాడు. పొద్దున్నే బస్సెక్కాను. నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు దాటేదాకా ల్యాప్‌టాప్ చీరకొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. పక్క సీటామె చంటిబిడ్డనుకుని కిటికీ మూయబోయింది.

సారు సాయిబు. పెద్ద మాటల మనిషి కాదు. షాపులో టీ తెప్పించి, మూత తెరిచి, మీటల మీద ముక్కు పెట్టి వాసన చూశాడు.

"పసుపు వాసనొస్తాందే!"

"పూజ చేసినారు సార్."

"దీనికా?" అని నవ్వబోయి నా ముఖం చూసి ఆపేశాడు. నేను సంగతంతా చెప్పాను. విని, కరెంటు వైరు తగిలించి ఆన్ చేసి చూశాడు.

ఆయన చెప్పింది ఇదీ. ఆన్ చేయగానే ల్యాప్‌టాప్ ముందుగా హార్డ్ డిస్కులో విండోస్ కోసం వెతుకుతుంది. ఆ విండోస్ దెబ్బతింది కాబట్టి అక్కడే తిరుగుతుంది. హార్డ్ డిస్కు జోలికి పోకుండా, సీడీలోంచే నడిచే, విండోస్ లాంటిదే లైనక్స్ అనేది ఒకటి ఆయన దగ్గర ఉంది. కానీ ముందు సీడీలో చూడు, తర్వాతే డిస్కులో చూడు అని దానికి చెప్పాలి. ఆ వరస, లోపలి అమరికలుండే బయోస్‌లో ఉంటుంది. కంపెనీ బొమ్మ కనబడే రెప్పపాటులో ఎఫ్‌టూ మీట నొక్కితేనే బయోస్ తెరుచుకుంటుంది. మామ చల్లిన పసుపునీళ్ళకు పై వరస మీటలన్నీ చచ్చిపోయాయి, ఎఫ్‌టూతో సహా. సారు బయటి కీబోర్డు ఒకటి తెచ్చి తగిలించాడు.

"నువ్వే చెయ్యి" అన్నాడు.

నొక్కాను. నీలం తెర వచ్చింది. అందులో మౌస్ పని చేయదు, బాణం మీటలతోనే నడవాలి. బూట్ అన్నచోటికి పోతే వరస కనబడింది. పైన హార్డ్ డిస్కు, దాని కింద ఈ ల్యాప్‌టాప్‌కు అసలు లేని ఫ్లాపీ, అన్నిటికన్నా అడుగున సీడీ. సీడీ మీద నిలబడి ఎఫ్‌సిక్స్ నొక్కుతుంటే అది ఒక్కో మెట్టూ పైకి జరిగింది. ఎఫ్‌టెన్ నొక్కి, మార్పులు ఉంచమని చెప్పాను. సీడీ గిర్రున తిరిగింది. చాలాసేపటికి వేరే రంగు తెర, దాని మీద మా డిస్కు బొమ్మ. తెరిచాను. నాయన పేరుతో ఉన్న ఫోల్డరు, అందులో అంకెలు.

"ఒకటి పలికిచ్చి చూద్దామా?" అన్నాడు సారు.

"వద్దు సార్. ఒట్టేసినా."

"అయితే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిద్దాం" అని ఆయన సొరుగు తీసేలోపు కరెంటు పోయింది. బ్యాటరీ లేని ల్యాప్‌టాప్ టప్పున ఆరిపోయింది. కరెంటు రాగానే ఆన్ చేస్తే మళ్ళీ విండోస్, మళ్ళీ అదే తిరుగుడు. వరస మొదటికొచ్చేసింది. లోపల గుండీ అంత సెల్ ఒకటి ఉంటుందట, ఆ సెల్ చచ్చిపోతే కరెంటు పోయినప్పుడల్లా మనం చెప్పిన వరస మర్చిపోతుందట. ఆ సెల్ కడపలో దొరకదు, హైదరాబాదు నుంచి తెప్పించాలన్నాడు.

మళ్ళీ ఎఫ్‌టూ దగ్గర మొదలుపెట్టేసరికి అమ్మ ఫోన్. పక్కింటివాళ్ళ ఫోన్ నుంచి చేసింది.

"మీ నాయన గొట్టం పీకేసుకున్యాడు పాపా. నర్సమ్మొచ్చి మళ్ళా ఏసింది. యాడుండావు? బిన్నా రా!"

సారు ఆ సీడీ, కీబోర్డు, ఒక మౌస్ సంచిలో పెట్టి ఇచ్చాడు. "ఇంటికాడ నువ్వే చేసుకోగలవు. ఫికరు పడొద్దు. ముందు మీ నాయన్ను చూసుకో" అన్నాడు. బస్టాండు దాకా వచ్చి బస్సెక్కించాడు. ఆ మనిషికి నేనేమీ ఇవ్వలేదు, ఆయన అడగలేదు.

మరుసటి పొద్దున వసారాలో మంచం పక్కన స్టూలు వేసి ల్యాప్‌టాప్ పెట్టాను. నాయన దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. బాగా చిక్కిపోయాడు. గొట్టం ముక్కు దగ్గర ప్లాస్టరుతో అంటించి ఉంది. నా చేతులనే చూస్తున్నాడు. మొదటిసారి ఎఫ్‌టూ నొక్కేది ఆలస్యమై విండోస్‌లోకి పోయింది. రెండోసారి దొరికింది. సీడీని పైకి జరిపి, ఎఫ్‌టెన్ నొక్కి, దేవుడా కరెంటు పోనీకు, కాసేపు పోనీకు అనుకుంటూ కూర్చున్నాను. ఏ దేవుడికి మొక్కానో కూడా తెలియదు.

అంకెలు కనబడ్డాయి. నేను వాటిని చూపించి, మౌస్ ఆయన చేతికిచ్చి లేచి పోబోయాను. వద్దని చెయ్యి పట్టుకున్నాడు. కూర్చున్నాను. ఒకటి మీద పెట్టి నొక్కాడు.

"ఏమ్మే! అన్నం పెట్టు. ఆకలైతాండాది."

అది యార్డు గొంతు కాదు. అప్పటికే సగం పోయిన గొంతు, బొంగురు, మాట మాటకూ గాలి తీసుకునే గొంతు. అసలు గొంతును మేమెవ్వరం ఎప్పుడూ దాచుకోలేదు. రోజూ వినబడేదాన్ని ఎవరు దాచుకుంటారు? నాకు దుఃఖం పొంగుకొచ్చింది. ఆయనేదో పెద్ద మాటలు చెప్పి ఉంటాడని, నా పెళ్ళి గురించో, అమ్మను చూసుకోమనో చెప్పి ఉంటాడని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆయన మాట పోతుందనుకున్నాడు గానీ అన్నం పోతుందనుకోలేదు. బతికి, ఇంట్లో తిరుగుతూ, ఆకలేసి అన్నం అడుగుతాననే అనుకున్నాడు.

"ఆ, తెస్తాండా! ఒక్క నిమిషం ఆగు" అని వంటింట్లోంచి అమ్మ కేక.

ఆమె లోపల గొట్టంలో పోయడానికి రాగిజావ వడగడుతోంది. ఆ పిలుపుకు పాతికేళ్ళుగా వచ్చినట్టే బయటికొచ్చింది. చేతిలో కంచం. అన్నం, పప్పు, ఒక పక్క ఊరుబిండి పచ్చడి. గడప దాటాక నాయన ముక్కులోని గొట్టం కనబడి అక్కడే నిలబడిపోయింది. కంచం వెనక్కి తీసుకుపోవాలో, ముందుకు తేవాలో తెలియలేదు ఆమెకు.

నాయన కంచంవైపు చూశాడు. అమ్మ ముఖంవైపు చూశాడు. మౌస్ కిందికి జరిపి రెండు నొక్కాడు.

"ఉప్పు ఏసినావా లేదా? సప్పగుండాది."

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో, రెండూ వచ్చాయి. "ఒక్కపూటన్నా బాగుందని అన్యాడా ఈ మనిషి! చెప్పు పాపా, అన్యాడా?" అంటూ లోపలికి పోయి ఉప్పు తెచ్చింది. మంచం పట్టె మీద కూర్చుని, ఉప్పు చల్లి, అన్నం కలిపి, అన్ని రోజులు తలుపు చాటున తిన్న మనిషి ఆయన కళ్ళ ముందే ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలి మింగింది.

"ఇప్పుడు సరిపోయింది" అంది.

నాయన తలూపాడు.

అంతలోనే కరెంటు పోయింది, తెర ఆరిపోయింది. మధ్యాహ్నం కరెంటు వచ్చాక మళ్ళీ ఎఫ్‌టూ నొక్కి, సీడీని పైకి జరిపి, అంకెలు తెరిచి మౌస్ ఇచ్చాను. మూడో అంకెకు పోతాడని ఎదురుచూశాను. పోలేదు. మళ్ళీ ఒకటే నొక్కాడు.

"ఆ, తెస్తాండా!" అని అమ్మ లేచి కంచం కడిగింది.